చేయి మాట్లాడితే నోరు మూగబోతుందా?

సూరత్ స్టేషన్లో వడోదర వైపు వెళ్లే పాసింజరు ఎక్కితే, తాపీ నది దాటాక ముందు ఉత్రాణ్, ఆ తర్వాత కోసాడ్ వస్తాయి. కోసాడ్ ఒకప్పుడు విడిగా ఉన్న ఊరు. ఇప్పుడు సూరత్ నగరంలో భాగం. మురికివాడల నుంచి తరలించిన కుటుంబాల కోసం నగరపాలక సంస్థ ఇక్కడ వేల సంఖ్యలో ఇళ్లు కట్టించింది. ఆ ఇళ్ల మధ్య నడిస్తే గుజరాతీ, మరాఠీ, హిందీ, ఒడియా వినిపిస్తాయి. అటు లింబాయత్ వైపు వెళితే తెలుగు కూడా వినబడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే వారి సంఖ్య ఏపాటిదో మీరే ఊహించవచ్చు.

ఇన్ని భాషల నగరంలోనూ మరమగ్గాల షెడ్డులోకి అడుగు పెట్టగానే అన్ని భాషలూ ఆగిపోతాయి. సిరిసిల్ల వాసులకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మగ్గాల మోత 90 డెసిబెళ్లు దాటుతుంది. పక్క మనిషితో ఏదైనా చెప్పాలంటే అతని చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, లేదా చేత్తో చెప్పాలి. ఇంగ్లాండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లో ఈ అవసరం నుంచే ఒక పద్ధతి పుట్టింది. పెదవులను అతిగా కదిలిస్తూ, చేతులతో సైగలు జోడించి, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు కబుర్లు చెప్పుకునేవారు. దాన్ని అక్కడ ‘మీ-మా’ అనేవారు. వాళ్లెవరూ పుట్టు చెవిటివాళ్లు కారు. సాయంత్రం ఇంటికి వెళ్లి చక్కగా మాట్లాడుకునేవారు. చేతులతో మాట్లాడినందువల్ల వాళ్ల నోళ్లు మూతబడలేదు.

ఇంత చిన్న విషయం ఎందుకు ఎత్తానంటే, దీనికి సరిగ్గా వ్యతిరేకమైన నమ్మకం ఒకటి నూరేళ్లకు పైగా ప్రపంచాన్ని ఏలింది. “సైగలు నేర్పితే పిల్లకు మాట రాదు” అన్నదే ఆ నమ్మకం. వినికిడి లేని పిల్లల తల్లిదండ్రులకు ఈ మాట చెప్పారు. డౌన్ సిండ్రోమ్ పిల్లల తల్లిదండ్రులకు, ఆటిజం పిల్లల తల్లిదండ్రులకు, చివరికి మాట కాస్త ఆలస్యమైన మామూలు పిల్లల తల్లిదండ్రులకు కూడా ఇదే చెప్పారు. ఈ భయం ఎక్కడ పుట్టింది? దానిలో నిజమెంత?

ముందు మన ఇళ్లలో చూద్దాం. తొమ్మిది నెలల పాప ‘టాటా’ అనడానికి చెయ్యి ఊపుతుంది. ‘జేజకు దణ్ణం పెట్టు’ అంటే రెండు చేతులూ జోడిస్తుంది. చందమామను చూపించి పిలవమంటే వేళ్లు ముడిచి తెరుస్తుంది. తారంగం ఆడిస్తే చేతులు తిప్పుతుంది. ‘టాటా’ అనే మాట నోట పలకడానికి ఆ పాపకు ఇంకా నెలలు పడుతుంది. కారణం తేలికే. ఒక్క మాట పలకాలంటే పెదవులు, నాలుక, అంగిలి, స్వరపేటిక, ఊపిరి అన్నీ క్షణంలో వందోవంతు తేడా రాకుండా కలిసి పనిచేయాలి. చెయ్యి ఊపడానికి అంత సరంజామా అక్కర్లేదు. పైగా తన చెయ్యి పాపకు కనిపిస్తుంది, తన నాలుక కనిపించదు. మన అమ్మమ్మలకు ఈ శాస్త్రం తెలియదు గాని, పద్ధతి మాత్రం తెలుసు.

అయితే ఒక జాగ్రత్త. చెయ్యి ఊపడం ఒక సైగ మాత్రమే, అది భాష కాదు. కూచిపూడి హస్తముద్రలూ ఈ అర్థంలో భాష కావు. అరవై నాలుగు కళల జాబితాలో ‘అక్షరముష్టికాకథనం’ అని వేళ్లతో అక్షరాలు చెప్పే విద్య ఒకటుంది. అదీ అప్పటికే ఉన్న భాషను వేళ్ల మీదికి ఎక్కించడమే. బధిరులు తమలో తాము మాట్లాడుకునే సంజ్ఞాభాష వేరు. దానికి సొంత పదజాలం, సొంత వ్యాకరణం ఉన్నాయి. ఈ సంగతిని శాస్త్రీయంగా చూపించింది అమెరికాలో విలియం స్టోకీ, 1960లో. అంతవరకు భాషావేత్తలు కూడా దాన్ని చేతులతో గీసే బొమ్మల వరసగానే చూశారు.

పారిస్‌లో ఆబె ద లెపే అనే మతగురువు 1760 ప్రాంతంలో బధిర బాలలకు ఉచిత పాఠశాల తెరిచి, వాళ్ల సైగలనే పాఠానికి పనిముట్టుగా చేసుకున్నాడు. ఆ పాఠశాలలో చదివిన లోరాన్ క్లెర్క్ అనే బధిరుడు అమెరికా వెళ్లి, థామస్ గాలొడెట్‌తో కలిసి 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బడి పెట్టాడు. అరవై ఏళ్ల పాటు సైగల బడులు పెరిగాయి. బధిరులు ఉపాధ్యాయులయ్యారు. ఆ తర్వాత గాలి మారింది. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్యా మహాసభ జరిగింది. 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కడే. నోటి మాటే శ్రేష్ఠమైనది, బడుల్లో సైగలకు చోటు ఉండరాదు అని భారీ మెజారిటీతో తీర్మానించారు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ కూడా ఈ పక్షం వాడే. విచిత్రం ఏమిటంటే, ఆయన తల్లికీ భార్యకూ వినికిడి లేదు. తల్లితో ఆయన మాట్లాడింది వేళ్ల అక్షరాలతోనే.

ఈ తీర్మానం వెనుక ఉన్న వాదం వినడానికి సబబుగానే ఉంటుంది. సులువైన దారి చూపిస్తే పిల్లలు కష్టమైన దారి పట్టరు, కనుక చేతులు కట్టేస్తే నోరు తెరుచుకుంటుంది అన్నారు. చాలా బడుల్లో నిజంగానే చేతులు కట్టేశారు, సైగ చేస్తే వేళ్ల మీద కొట్టారు. పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం ఎంత కష్టమో అద్దం ముందు నిలబడి ‘ప’, ‘బ’, ‘మ’ అని చూడండి, తెలుస్తుంది. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. ‘పాలు’ ఏదో ‘బాలు’ ఏదో కంటికి తెలియదు. మన దేశంలో బొంబాయి బధిర పాఠశాల 1885లో, కలకత్తా పాఠశాల 1893లో మొదలయ్యాయి. అంటే ఈ గాలి బలంగా వీస్తున్న రోజుల్లోనే. ఇక్కడా నోటి పద్ధతికే పెద్దపీట వేశారు. పిల్లలు మాత్రం హాస్టళ్లలో, ఆట స్థలాల్లో చేతులతో మాట్లాడుకుంటూనే ఉన్నారు. భాష బతికింది అక్కడే.

“చేయి మాట్లాడితే నోరు మూగబోతుంది” అన్న వాదాన్ని పరీక్షించాలంటే ఏం చేయాలి? వినికిడి ఉన్న పిల్లలను పుట్టినప్పటి నుంచి సైగల మధ్య పెంచి, వాళ్లకు మాట వస్తుందో రాదో చూడాలి. ప్రయోగశాలలో కుదరని ఈ ప్రయోగాన్ని చరిత్ర తనంతట తానే చేసి పెట్టింది, ఒకటికి రెండు చోట్ల.

మొదటిది అమెరికా తూర్పు తీరంలోని మార్తాస్ వైన్‌యార్డ్ అనే దీవి. అక్కడ వంశపారంపర్య బధిరత్వం ఎక్కువ. 19వ శతాబ్దంలో దీవి మొత్తం మీద 155 మందిలో ఒకరు, చిల్‌మార్క్ అనే ఊళ్లో 25 మందిలో ఒకరు బధిరులు. కనుక ఆ ఊళ్లో వినగలిగినవాళ్లు కూడా సైగలు నేర్చారు. దుకాణంలో, పడవ మీద, చర్చిలో, ఎక్కడ చూసినా చేతుల మాట నడిచేది. వినికిడి ఉన్న పిల్లలు దాన్ని ఇంగ్లీషుతో పాటే పసితనం నుంచి పట్టుకున్నారు. వాళ్లలో ఒక్కరికీ ఇంగ్లీషు రాకుండా పోలేదు. ఆ వంశాల్లోని చివరి బధిర వ్యక్తి 1952లో చనిపోయారు. నోరా గ్రోస్ అనే మానవశాస్త్రవేత్త ముసలివాళ్ల జ్ఞాపకాలు సేకరించి 1985లో పుస్తకంగా వేసింది. ఆమె అడిగినప్పుడు, ఫలానా ఆయన బధిరుడా కాదా అన్నది చెప్పడానికి కూడా కొందరు కాసేపు ఆలోచించాల్సి వచ్చిందట.

రెండోది మనకు చాలా దగ్గర. హిందూపురం దాటి కర్ణాటకలో అడుగు పెడితే గౌరీబిదనూరు తాలూకా. అందులో అలీపూర్ అనే ఊరుంది. షియా ముస్లింల ఊరు. దగ్గరి బంధువుల పెళ్లిళ్లు తరతరాలుగా జరిగినందువల్ల అక్కడ వినికిడి లేనివారు ఎక్కువ. అక్కడొక ప్రత్యేక సంజ్ఞాభాష తనంతట తానే పుట్టింది. శివాజీ పండా అనే భాషావేత్త దాన్ని పరిశీలించి 2012లో ప్రకటించారు. ఆయన స్వయంగా బధిరుడు. ఆ ఊళ్లో వినగలిగినవాళ్లలోనూ చాలామందికి ఆ సైగలు వచ్చు. మేనరికాలు మామూలైన తెలుగు పల్లెల్లోనూ తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి లోపమున్న జన్యువులు కలిసి పుట్టు బధిరత్వం రావడం మనకు తెలిసిందే. కానీ మన పల్లెల్లో ఒక బధిర బిడ్డ ఒంటరి. అలీపూర్‌లో ఆ బిడ్డకు ఊరంతా మాట్లాడే తోడు. తేడా జన్యువుల్లో లేదు, చుట్టూ ఉన్న చేతుల్లో ఉంది.

ఇక వినికిడి ఉన్న పసిపిల్లలకు కావాలని సైగలు నేర్పే ముచ్చటకు వద్దాం. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో లిండా అక్రెడోలో అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన ఏడాది పాప కేట్ పువ్వు కనిపించినప్పుడల్లా ముక్కు ఎగబీల్చడం గమనించింది. ‘పువ్వు’ అనే మాటకు బదులు ఆ పాప తయారు చేసుకున్న గుర్తు అది. లిండా, ఆమె సహచరి సూజన్ గుడ్విన్ 1985లో ఈ పరిశీలనను ప్రకటించారు. తర్వాత 103 మంది పిల్లలతో పెద్ద అధ్యయనం చేసి 2000లో ఫలితాలు వెల్లడించారు. సైగలు నేర్చిన పిల్లలు మాటల్లో వెనకబడలేదు, కొన్ని పరీక్షల్లో కాస్త ముందున్నారు కూడా. అంతే, సైగలు నేర్పే పుస్తకాలు, వీడియోలు, తరగతులు పాశ్చాత్య దేశాల్లో పెద్ద వ్యాపారమయ్యాయి. ‘మీ పాప తెలివి పెరుగుతుంది’ అన్న ప్రచారమూ మొదలైంది.

ఈ ప్రచారాన్ని నమ్మనక్కర్లేదు. 2005లో కెనడా పరిశోధకులు అంతవరకు వచ్చిన అధ్యయనాలను వడపోసి, పరీక్షకు నిలిచిన 17 నివేదికలను పరిశీలించారు. పిల్లల ఎదుగుదల వేగం పెరుగుతుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదని తేల్చారు. 2013లో ఇంగ్లాండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం బృందం 40 మంది శిశువులను 8 నెలల వయసు నుంచి 20 నెలల వరకు అనుసరించింది. సైగలు నేర్చినవారికీ నేర్వనివారికీ భాషలో తేడా కనిపించలేదు. కానీ ఒక చిన్న సంగతి బయటపడింది. సైగలు వాడిన తల్లులు బిడ్డ మాటల్లేకుండా ఇచ్చే సూచనలను ఎక్కువగా పట్టించుకున్నారు. నా మటుకు నాకు ఇదే అసలు లాభం అనిపిస్తుంది. సైగ కోసం ఎదురుచూసే తల్లి బిడ్డ చేతుల వంక, ముఖం వంక చూస్తుంది.

గమనించారా? ‘లాభం లేదు’ అన్నవాళ్లు కూడా ‘నష్టం ఉంది’ అనలేదు. మాట ఆలస్యమవుతుందన్న పాత భయాన్ని ఏ అధ్యయనమూ బలపరచలేదు.

పిల్లల చేతులు భాష కోసమే ఎదురుచూస్తుంటాయనడానికి ఇంకో చక్కని ఆధారం ఉంది. మామూలు శిశువులు ఏడెనిమిది నెలలకు ‘బబబ’, ‘దదద’ అని ముద్దు పలుకులు పలుకుతారు. 1991లో లారా పెటిట్టో, పౌలా మారెంటెట్ కెనడాలో బధిర తల్లిదండ్రులకు పుట్టిన బధిర శిశువులను గమనించి, వాళ్లు అదే వయసులో చేతులతో ముద్దు పలుకులు పలుకుతున్నారని ‘సైన్స్’ పత్రికలో రాశారు. అర్థం లేని చేతి కదలికలే, కానీ సంజ్ఞాభాష అక్షరాల లాంటి ముక్కలు, ఒక లయతో మళ్లీ మళ్లీ వచ్చేవి. అంటే మెదడు వెతికేది శబ్దాన్ని కాదు, భాష నమూనాను. అది చెవి ద్వారా వచ్చినా కంటి ద్వారా వచ్చినా దానికి ఒకటే.

మానసిక ఎదుగుదల లోపం ఉన్నవారి విషయానికి వస్తే చరిత్ర ఇంకా స్పష్టం. ఇంగ్లాండులో మార్గరెట్ వాకర్ అనే స్పీచ్ థెరపిస్టు 1970ల మొదట్లో ఒక ఆస్పత్రిలో ఉన్న పెద్దవాళ్లతో పనిచేసింది. వాళ్లకు వినికిడీ లేదు, బుద్ధి ఎదుగుదలా తక్కువే. ఏళ్ల తరబడి ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేక, గోడల మధ్య ఉండిపోయినవాళ్లు. బ్రిటిష్ సంజ్ఞాభాష నుంచి రోజూ అవసరమయ్యే గుర్తులు ఏరి, నోటి మాటతో కలిపి నేర్పితే వాళ్లు స్పందించారు. ఆమెతో పాటు కాథరిన్ జాన్‌స్టన్, టోనీ కార్న్‌ఫోర్త్ పనిచేశారు. ముగ్గురి పేర్ల ముక్కలు కలిపితే ‘మాకటన్’. తర్వాత వినికిడి ఉండీ మాట రాని పిల్లలకూ ఇది వ్యాపించింది. మాకటన్ పూర్తి భాష కాదు. వాక్యంలోని ముఖ్యమైన మాటలకే సైగ చేస్తారు, నోటితో మాత్రం వాక్యం మొత్తం చెబుతారు.

మరి మాట ఏమవుతుంది? 2006లో అమెరికాలో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు ఎదుగుదల లోపాలున్నవారికి చేతి సైగలు, బొమ్మల పలకల వంటివి నేర్పిన అధ్యయనాలను కూడదీశారు. పద్ధతి ప్రకారం సరిగా జరిగినవి 27 మంది వివరాలు దొరికాయి. అందులో ఒక్కరికి కూడా నోటి మాట తగ్గలేదు. 89 శాతం మందికి పెరిగింది. పెరుగుదల కొందరిలో కొద్దిపాటిదే, అందరూ ధారాళంగా మాట్లాడేశారని కాదు. అయినా 1880 నాటి వాదానికి ఇంతకన్నా సూటి జవాబు ఏముంటుంది?

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఈ రంగంలో మనకు దగ్గరి చిరునామా. మానసిక వికలాంగుల కోసం 1984లో పెట్టారు. ఇప్పుడు పేరు మారింది. ఇక వినికిడి లోపాల జాతీయ సంస్థ 1983లో బొంబాయిలో మొదలైంది. దానికి పెట్టిన పేరు మన హైదరాబాదీదే. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగానూ మహారాష్ట్ర గవర్నరుగానూ పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు అది.

ఇప్పుడు మళ్లీ సూరత్. ఒక తెలుగు ఇంట్లో పుట్టుకతో వినికిడి లేని పాప ఉందనుకోండి. ఇంట్లో తెలుగు, వాకిట్లో హిందీ, ప్రత్యేక పాఠశాలలో గుజరాతీ. నోటి పద్ధతి ప్రకారమైతే ఆ పాప ఏ భాష పెదవులు చదవాలి? స్పీచ్ థెరపిస్టు గుజరాతీలో నేర్పితే నాయనమ్మ తెలుగు ఎలా పట్టుకుంటుంది? రెండేళ్లకు సొంతూరు వెళ్లిపోతే నేర్చింది ఏమవుతుంది? వలస కుటుంబాల బధిర పిల్లలకు ఇది ఊహ కాదు, రోజువారీ సమస్య.

సంజ్ఞాభాషకు ఈ చిక్కు లేదు. మదన్ వశిష్ట అనే ఆయన హిమాచల్ ప్రాంతపు పల్లెలో పుట్టి, పదకొండేళ్లకు వినికిడి పోగొట్టుకుని, అమెరికా వెళ్లి గాలొడెట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. ఆయన జేమ్స్ వుడ్‌వర్డ్ తదితరులతో కలిసి 1970ల చివర ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు నగరాల సైగలు సేకరించారు. నాలుగు చోట్లా సైగల్లో సుమారు 75 శాతం ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవే. వ్యాకరణం ఒకటే. నోటి భాషలు ఇన్ని ఉన్న దేశంలో చేతి భాష మాత్రం మాండలికాలతో ఒకటిగా ఉంది. పైగా ఎంత మన భాషో చూడండి. నాన్నకు సైగ మీసం, అమ్మకు సైగ ముక్కుపుడక. ‘ఎవరు’, ‘ఎక్కడ’, ‘ఏమిటి’ వంటి ప్రశ్న గుర్తు వాక్యం చివర వస్తుంది. తెలుగువాడికి ‘నీ పేరు ఏమిటి’ అన్నంత సహజం.

ప్రభుత్వం మేల్కొనడం ఆలస్యమే అయింది. ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. అది 2018లో 3,000 పదాలతో వీడియో నిఘంటువు తెచ్చి, 2021 నాటికి దాన్ని 10,000 పదాలకు పెంచింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞాభాషను గుర్తించింది. 2021లో సార్వత్రిక విద్యా విధానంలో అది మాధ్యమిక స్థాయి పాఠ్యాంశమైంది. అంతర్జాతీయ బధిర విద్యా మహాసభ కూడా 2010లో వాంకూవర్‌లో సమావేశమై మిలాన్ తీర్మానాలను తిరస్కరించి, విచారం వెలిబుచ్చింది. 130 ఏళ్ల తర్వాత!

కాక్లియర్ ఇంప్లాంట్లు వచ్చాక పాత వాదం కొత్త రూపంలో మళ్లీ తలెత్తింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ఆపరేషన్‌ను పేద పిల్లలకు అందుబాటులోకి తెచ్చింది. అది గొప్ప మేలే. అయితే ఆపరేషన్ అయ్యాక సైగలు మానేయాలా వద్దా అన్న దానిపై శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. 2014లో ఒక అమెరికా బృందం పుట్టుక నుంచి సంజ్ఞాభాష వచ్చిన ఇంప్లాంటు పిల్లల నోటి ఇంగ్లీషు, బధిర తల్లిదండ్రులకు పుట్టిన వినగల పిల్లల ఇంగ్లీషుతో సమానంగా ఉందని చూపింది. వాళ్లు ఐదుగురే. 2017లో మరో పెద్ద అధ్యయనం సైగలు వాడని పిల్లలే మాటలో ముందున్నారంది. రెంటినీ పక్కపక్కన పెడితే ఒక తేడా కనిపిస్తుంది. మొదటి పిల్లల తల్లిదండ్రులకు సంజ్ఞాభాష మాతృభాష. రెండో అధ్యయనంలోని తల్లిదండ్రులు వినగలవాళ్లు, బిడ్డతో పాటు అప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు. బధిర శిశువుల్లో నూటికి తొంభై మందికి పైగా పుట్టేది వినగల తల్లిదండ్రులకే కనుక ఈ తేడా చిన్నది కాదు. పరికరం చెవికి శబ్దం అందిస్తుంది. అది ఆపరేషన్ తర్వాతే మొదలవుతుంది. అంతవరకు గడిచే ఏడాదో రెండేళ్లో మెదడు ఏ భాషా లేకుండా ఎదురుచూడాలా అన్నదే నా ప్రశ్న.

చిత్రం ఏమిటంటే, విమానం దిగి వచ్చిన మధ్యతరగతి దంపతులు చక్కగా వినే తమ పాపకు డబ్బిచ్చి సైగలు నేర్పిస్తున్న కాలంలోనే, వినలేని పాప చేతులను ‘మాట రాదు’ అని కిందికి దించేవాళ్లూ ఉన్నారు. మొదటి పాపకు సైగ ఒక సరదా. రెండో పాపకు అది అన్నం.

మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ శిశువు ఉంటే ముందు వినికిడి చూపించండి. నెలలోపు పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు అన్నది అంతర్జాతీయ ప్రమాణం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు బధిరత్వం కూడా చేరి ఉంది. వినికిడి బాగుందనుకోండి, సైగలు మీ ఇష్టం. ఎనిమిది నెలలప్పుడు ‘పాలు’, ‘ఇంకా’, ‘చాలు’, ‘అమ్మ’, ‘నాన్న’ లాంటి ఐదారింటితో మొదలుపెట్టవచ్చు. పాప మీ ముఖం చూస్తున్నప్పుడు, ఆ వస్తువు ఎదురుగా ఉన్నప్పుడు, నోటితో మాట చెబుతూనే సైగ చేయాలి. వారాల తరబడి పాప తిరిగి చేయకపోవచ్చు. చేసినా గిన్నె చూసి ‘నాన్న’ అనవచ్చు. వినికిడి లేదని తేలితే మాత్రం ఐదారు సైగలు చాలవు. ఇంటిల్లిపాదీ, నాయనమ్మతో సహా, నేర్చుకోవడానికి కూర్చోవాలి. దగ్గర్లో బధిరుల సంఘం ఉంటే అక్కడి పెద్దవాళ్లను ఇంటికి పిలవండి. వీడియో కన్నా వాళ్లు మంచి గురువులు.